ఊరి భూములకి ముప్పు వచ్చినప్పుడు: సర్వే రాళ్ల నుంచి ట్రిబ్యునల్ దాకా ఊరంతా కలిసి చేయాల్సిన పని

మన పల్లెల్లో ఒక ఫ్యాక్టరీయో, క్వారీయో, పెద్ద లేఅవుటో వస్తోందని జనానికి తెలిసేసరికి చాలాసార్లు సగం అనుమతులు వచ్చేసి ఉంటాయి. సర్వే రాళ్లు పాతినప్పుడో, జేసీబీ దిగినప్పుడో ఊరు ఉలిక్కిపడుతుంది. ఆ కోపంలో ముందు తట్టేది రోడ్డు మీద బైఠాయించడం. ధర్నా చేయాల్సిన రోజు రావచ్చు. కానీ అంతకంటే ముందు మొదలుపెట్టి, చివరిదాకా ఆపకుండా చేయాల్సిన పని ఒకటుంది. ప్రభుత్వ ఫైల్లో మీ భూమి గురించి ఏం రాశారో కనుక్కోవాలి. ఆ భూమి మీద ఊరు నిజంగా ఎలా బతుకుతోందో ఆధారాలతో అదే ఫైల్లోకి ఎక్కించాలి.

శ్రీకాకుళం జిల్లా సోంపేటలో థర్మల్ విద్యుత్ కేంద్రం కోసం ఎంచుకున్న బీల (చిత్తడి) నేలల సంగతే చూడండి. ప్రభుత్వ కాగితాల్లో అది పెద్దగా పనికిరాని భూమి. అక్కడి జనానికి మాత్రం అది చేపలు పట్టుకునే నీరు, పొలాలకి తడి ఇచ్చే ఆధారం, పశువుల మేత. రైతులు, మత్స్యకారులు కలిసి నిలబడ్డారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. అది చిత్తడి నేల అన్న నిజాన్ని అనుమతి ఇవ్వకముందే అధికారులు పట్టించుకుని ఉంటే కాల్పుల దాకా వచ్చేదే కాదని నా నమ్మకం.

ప్రతి ప్రాజెక్టునీ అడ్డుకోమని ఇక్కడ చెప్పడం లేదు. ఊరికి రోడ్డు కావాలి, కరెంటు కావాలి, పిల్లలకి ఉద్యోగాలు కావాలి. కానీ చెరువు శిఖంలో (నీరు నిలిచే నేలలో) వెంచర్, రెండు పంటలు పండే మాగాణిలో కెమికల్ ఫ్యాక్టరీ, ఇళ్లకి ఆనుకుని బ్లాస్టింగ్ చేసే క్వారీ, వాగు దారి మూసేసే ప్రహరీ గోడ, వీటిని అభివృద్ధి అని ఒప్పుకోవాల్సిన అవసరం లేదు. ఇదే పని ఇంకోచోట చేసుకోవచ్చా, నీళ్లు ఎక్కడి నుంచి తెస్తారు, మురుగు ఎటు వదులుతారు అన్న మూడు ప్రశ్నలకి సూటి జవాబు రాకపోతే ఆ ప్రాజెక్టుని ప్రశ్నించే హక్కు ఊరికి పూర్తిగా ఉంది.

వస్తున్నది ఏమిటో ముందు తేల్చుకోండి

"ఏదో కంపెనీ అంట" అన్న మాటతో పోరాటం నడవదు. ఏ ప్రాజెక్టు, ఎవరి పేరు మీద, ఏ సర్వే నంబర్లలో, ఎంత విస్తీర్ణంలో, ఏ అనుమతి కోసం ఎక్కడ దరఖాస్తు పెట్టారు అన్నది కాగితం మీద ఉండాలి. ఎందుకంటే ఒక్కో రకం ప్రాజెక్టుకి ఒక్కో చట్టం, ఒక్కో గడువు.

పెద్ద పరిశ్రమ, గని, విద్యుత్ కేంద్రం అయితే 2006 సెప్టెంబర్ 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి తీసుకోవాలి. 'ఏ' వర్గం ప్రాజెక్టులకి కేంద్రం, 'బీ' వర్గం వాటికి రాష్ట్ర స్థాయి అథారిటీ అనుమతి ఇస్తాయి. ఆ దరఖాస్తులు, కమిటీ మినిట్స్ కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో ఉంటాయి. జిల్లా పేరుతో వెతికి చూడండి. పరిశ్రమ కట్టడానికి, నడపడానికి కాలుష్య నియంత్రణ మండలి నుంచి వేర్వేరు సమ్మతి పత్రాలు, సీఎఫ్‌ఈ, సీఎఫ్‌ఓ కూడా కావాలి. క్వారీ అయితే గనుల శాఖ లీజు చూడాలి. అయిదు హెక్టార్ల కంటే చిన్న క్వారీకి కూడా పర్యావరణ అనుమతి తప్పనిసరని సుప్రీంకోర్టు 2012లో దీపక్ కుమార్ కేసులో చెప్పింది. "చిన్నదేగా, అనుమతి అక్కర్లేదు" అని ఎవరైనా అంటే నమ్మకండి.

లేఅవుట్ అయితే పంచాయతీ సొంతంగా ఆమోదించలేదు. డీటీసీపీ (పట్టణ, గ్రామ ప్రణాళిక శాఖ) గానీ, ఆ ప్రాంత పట్టణాభివృద్ధి సంస్థ గానీ సాంకేతిక అనుమతి ఇవ్వాలి, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నమోదు ఉండాలి. ఆ నంబర్లు అడగండి.

చాలామంది మర్చిపోయేది మాస్టర్ ప్లాన్. ఒక్క ఇటుక పడకముందే మీ పొలాన్ని మ్యాపు మీద ఇండస్ట్రియల్ జోన్‌గా రంగు వేసేస్తారు. కామారెడ్డిలో జరిగింది ఇదే. చుట్టుపక్కల పల్లెల రైతులు ముసాయిదా దశలోనే పట్టుకుని పోరాడారు. 2023 జనవరిలో మున్సిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానించింది. మాస్టర్ ప్లాన్ మీద అభ్యంతరాలకి గడువు ఉంటుంది. పట్టణానికి దగ్గరగా ఉన్న ప్రతి ఊరిలో ఎవరో ఒకరు ఈ ప్రకటనల మీద కన్నేసి ఉంచాలి.

రికార్డుల్లో ఆ భూమి ఎవరిది, ఎలాంటిది

సర్వే నంబర్లు చేతికి రాగానే ఒక్కో నంబరుకీ ఒక్కో పేజీ పెట్టి రాసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో అడంగల్, వన్ బీ, ఆర్‌ఎస్‌ఆర్ (పాత సెటిల్‌మెంట్ రిజిస్టర్), ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం) చూడాలి. తెలంగాణలో పహాణీలు, సేత్వార్ (తొలి సర్వే రికార్డు), 1954-55 ఖాస్రా పహాణీ, గ్రామ నక్ష చూడాలి. ఆన్‌లైన్‌లో మీభూమి, భూభారతి ఉన్నాయి గానీ పాత రికార్డు కావాలంటే తహసీల్దార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీకి అర్జీ పెట్టుకోవాల్సిందే. పాతదే ముఖ్యం. ఈ రోజు ఆన్‌లైన్‌లో పట్టాగా కనిపించేది యాభై ఏళ్ల కిందటి రికార్డులో కుంట పోరంబోకుగా ఉండొచ్చు.

పోరంబోకు, బంచరాయి, గైరాన్, శిఖం, శ్మశానం, బండ్లబాట, వాగు అని ఎక్కడ కనిపించినా ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి. ఇవి ఊరి ఉమ్మడి భూములు. ఉమ్మడి భూముల ఆక్రమణలని తొలగించి గ్రామానికి తిరిగి అప్పగించాలని సుప్రీంకోర్టు 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలనీ ఆదేశించింది. ఆ తీర్పు కాపీ ఒకటి దగ్గర ఉంచుకోండి. ప్రతి వినతిపత్రంలో పనికొస్తుంది.

అసైన్డ్ భూములైతే (ప్రభుత్వం పేదలకి ఇచ్చినవి) 1977 నాటి బదలాయింపు నిషేధ చట్టం వర్తిస్తుంది. బ్రోకర్లు ఒప్పంద పత్రాల మీద సంతకాలు పెట్టించుకుంటుంటే ముందు ఆపించండి. ఆంధ్రప్రదేశ్‌లో 2023 సవరణ ఇరవై ఏళ్లు దాటిన అసైన్‌మెంట్లకి సడలింపు ఇచ్చింది కాబట్టి అసైన్ చేసిన తేదీ కనుక్కోవడం అక్కడ మరీ ముఖ్యం. ఆ నంబర్లు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ నిషేధిత (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల) జాబితాలో ఉన్నాయో లేదో, ఉన్నవాటిని ఈమధ్య ఎవరైనా తీయించారో కూడా చూడండి.

చెరువు దగ్గరైతే ఎఫ్‌టీఎల్ గీత (చెరువు నిండితే నీరు నిలిచే హద్దు) ఎక్కడుందో నీటిపారుదల శాఖని అడగండి. తెలంగాణలో 2012 నాటి జీవో 168 ప్రకారం ఎఫ్‌టీఎల్ లోపల కట్టడం నిషేధం. పది హెక్టార్లు, అంతకంటే పెద్ద చెరువుకి 30 మీటర్లు, చిన్న చెరువుకి 9 మీటర్లు బఫర్ వదలాలి. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల శాటిలైట్ చిత్రాలు ఉచితంగా చూడొచ్చు. వానాకాలం చిత్రంలో నీరు ఎక్కడిదాకా నిలిచిందో తేదీతో సహా సేవ్ చేసుకోండి.

ఊరు తన నివేదిక తానే రాసుకోవాలి

నా దృష్టిలో మొత్తం పోరాటంలో దీనికంటే విలువైన పని లేదు. ఎక్కువగా వదిలేసేదీ ఇదే.

కంపెనీ కన్సల్టెంటు ఈఐఏ నివేదిక రాసేటప్పుడు సాధారణంగా ఒక సీజన్ డేటా తీసుకుంటాడు, అదీ వానాకాలం కాని సీజన్. అప్పుడు వాగు ఎండి ఉంటుంది, కుంటలో చుక్క నీరుండదు, వలస పక్షులు వెళ్లిపోయి ఉంటాయి, బీడులో గడ్డి కూడా కనిపించదు. చూసింది చూసినట్టే రాసినా ఆ నివేదికలో మీ ఊరు సగమే ఉంటుంది. మిగతా సగం మీరు రాయాలి.

ఒక నోట్‌బుక్, నాలుగు ఫోన్లు చాలు. వాడకట్టు వారీగా కూర్చుని ఈ సంగతులు రాయండి. ఏ పొలంలో ఖరీఫ్‌లో ఏం వేస్తారు, రబీలో ఏం వేస్తారు, ఎకరాకి ఎన్ని బస్తాలు. ప్రతి బోరు ఎంత లోతు, ఎండాకాలంలో ఎన్ని గంటలు పోస్తుంది. గొర్రెలు, మేకలు, గేదెలు ఎన్ని, ఏ నెలలో ఎక్కడ మేస్తాయి. చెరువులో ఎన్ని కుటుంబాలు చేపలు పడతాయి, మత్స్య సహకార సంఘం ఉందా. తాటి, ఈత చెట్లు ఎన్ని, వాటి మీద బతికే గీత కార్మికులు ఎంతమంది. తునికాకు, కుంకుడు, సీతాఫలం లాంటివి ఎవరు ఏరుకుంటారు. ఉపాధి హామీ కింద ఆ చెరువు పూడిక ఎప్పుడు తీశారు. బతుకమ్మ ఎక్కడ వేస్తారు, పోలేరమ్మ గుడి ఏ సర్వే నంబరులో ఉంది, దింపుడుకల్లం ఎక్కడ. మిషన్ కాకతీయ లాంటి పథకంలో ఆ చెరువుకి ప్రభుత్వం డబ్బు ఖర్చు పెట్టి ఉంటే ఆ వివరం చాలా బలమైన ఆధారం. నిన్న బాగుచేసిన చెరువుని ఇవాళ నిరుపయోగం అని ఎలా రాస్తారని అడగొచ్చు.

ఆడవాళ్లు, ముసలివాళ్లు చెప్పే విషయాలు మగవాళ్ల లెక్కల్లో రావు. మంచినీళ్లు ఎండాకాలంలో ఏ బావి నుంచి మోసుకొస్తారో, పశువుల కొట్టానికి గడ్డి ఎక్కడ కోస్తారో వాళ్లకే తెలుసు. కాబట్టి వాళ్లతో విడిగా కూర్చోండి.

ప్రతి ఫోటోలో లొకేషన్, తేదీ ఆన్ చేసి తీయండి. హైదరాబాద్-బీజాపూర్ రహదారి విస్తరణలో చేవెళ్ల వైపు తొమ్మిది వందలకి పైగా మర్రిచెట్లకి ముప్పు వచ్చినప్పుడు ప్రకృతి ప్రేమికులు ఒక్కో చెట్టునీ లొకేషన్‌తో నమోదు చేశారు. జాతీయ హరిత ట్రిబ్యునల్ ముందుకి వెళ్లాక ఆ జాబితా బాగా పనికొచ్చింది. "చాలా చెట్లున్నాయి" అన్న మాటకి, ఒక్కో చెట్టుకీ నంబరు ఉన్న జాబితాకి మధ్య ఎంత తేడా ఉంటుందో అక్కడ తెలిసింది.

పక్షులు, మొక్కల విషయంలో దగ్గరి డిగ్రీ కాలేజీ జువాలజీ, బోటనీ లెక్చరర్లని పిలవండి. చాలామంది సంతోషంగా వస్తారు. నీటి పరీక్ష ఇప్పుడే చేయించి రిపోర్టు దాచండి. రేపు ఫ్యాక్టరీ వచ్చి బోర్లు పాడైతే, ముందు ఎలా ఉండేవో చూపించడానికి మీ దగ్గర అదొక్కటే ఉంటుంది.

కమిటీ: ఎవరుండాలి, ఎలా నడవాలి

ఊరి మోతుబరులే కూర్చుంటే కమిటీ మూడు నెలల్లో చీలిపోతుంది. పట్టాదారుకి పరిహారం వస్తుంది. కౌలు రైతుకి, కూలికి, గొర్రెల కాపరికి ఏమీ రాదు. కంపెనీ మనుషులు ముందు కొట్టేది ఈ పగులు మీదే. ఆ తర్వాత కులం, ఆ తర్వాత పార్టీ. అందుకే మొదటి రోజే కౌలు రైతులు, దళిత వాడ, మత్స్యకారులు, యాదవులు, మహిళా సంఘాలు, చదువుకున్న కుర్రాళ్లు, పక్క ఊళ్ల ప్రతినిధులు అందరూ కమిటీలో ఉండాలి. అన్ని పార్టీల వాళ్లూ రావచ్చు గానీ కండువాలు ఇంటి దగ్గర వదిలి రావాలి.

రెండు నియమాలు రాసుకుని అందరిచేతా సంతకాలు పెట్టించండి. కంపెనీతో గానీ, అధికారులతో గానీ ఎవరూ ఒంటరిగా మాట్లాడకూడదు, కనీసం ముగ్గురు వెళ్లాలి, వచ్చి అందరికీ చెప్పాలి. చందా లెక్క ప్రతి మీటింగులో చదవాలి. డబ్బు గురించి ఒక్క అనుమానం వచ్చినా ఊరు విడిపోతుంది.

హైదరాబాద్‌లో, బెంగళూరులో, విదేశాల్లో ఉన్న ఊరి పిల్లలకి ఒక పని ఇవ్వండి. వందల పేజీల ఇంగ్లిష్ ఈఐఏ చదవడం, తెలుగులో సారాంశం రాయడం, మ్యాపులు చేయడం వాళ్లు రాత్రిపూట కూర్చుని చేయగలరు. అయితే విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్ల నుంచి కమిటీకి చందా తీసుకోవద్దు. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కేసు పెట్టడానికి అది చాలు. వాళ్ల చదువు, సమయం తీసుకోండి.

గ్రామసభ తీర్మానం

చాలా ఊళ్లలో సర్పంచ్ లెటర్‌హెడ్ మీద నాలుగు వాక్యాలు రాసి తీర్మానం అంటారు. అది నిలబడదు. గ్రామసభ జరిగినట్టు దండోరా, నోటీసు, హాజరు సంతకాలు, తీర్మానం నంబరు, పంచాయతీ కార్యదర్శి సంతకం, అన్నీ రిజిస్టర్‌లో ఉండాలి. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకి ఒకసారైనా జరగాలి కాబట్టి అజెండాలో పెట్టమని రాతపూర్వకంగా అడగండి. తీర్మానంలో "వ్యతిరేకిస్తున్నాం" అన్న ఒక్క ముక్క రాసి ఆపొద్దు. సర్వే నంబర్లు, కారణాలు, మీ నివేదికలోని అంకెలు రాయండి. కాపీలు కలెక్టర్‌కి, కాలుష్య నియంత్రణ మండలికి, అనుమతి ఇచ్చే అథారిటీకి స్పీడ్ పోస్టులో పంపి రశీదులు దాచండి.

మైదాన ప్రాంతంలో ఈ తీర్మానం ఒక్కటే ప్రాజెక్టుని ఆపలేకపోవచ్చు. ఏజెన్సీలో దాని బరువు వేరు. 1996 పీసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీ చట్టం) భూసేకరణకి ముందు గ్రామసభని సంప్రదించమంటుంది. అటవీ హక్కుల చట్టం సామూహిక అడవి వనరుల్ని కాపాడే అధికారం గ్రామసభకి ఇస్తుంది. 1997 సమత తీర్పు షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వడాన్ని అడ్డుకుంది. ఒడిశా నియమగిరిలో సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్‌లో నిర్ణయాన్ని గ్రామసభలకే వదిలితే, పన్నెండుకి పన్నెండు గ్రామసభలూ బాక్సైట్ తవ్వకాన్ని తిరస్కరించాయి. మనవైపు నల్లమల యురేనియం విషయంలో జనం గొంతు పెరిగి, 2019 సెప్టెంబర్‌లో తెలంగాణ శాసనసభే తవ్వకాలకి వ్యతిరేకంగా ఏకగ్రీవ తీర్మానం చేసింది.

సమాచార హక్కు దరఖాస్తులు

ఒకే దరఖాస్తులో ఇరవై ప్రశ్నలు వేయకండి. ఒక్కో ఆఫీసుకి ఒక్కో చిన్న దరఖాస్తు పెట్టండి. "ఎందుకు ఇచ్చారు" అని అడిగితే జవాబు రాదు. "ఫలానా సర్వే నంబర్లపై ఫలానా తేదీ నుంచి ఇప్పటివరకు వచ్చిన దరఖాస్తులు, నోట్ ఫైల్, తనిఖీ నివేదిక, జారీ చేసిన ఉత్తర్వుల నకళ్లు ఇవ్వండి, ఫైలు పరిశీలనకి తేదీ చెప్పండి" అని రాయండి. ఫైలు స్వయంగా చూసే హక్కు చట్టంలోనే ఉంది. చూస్తే గానీ ఏ కాగితం అడగాలో తెలియని సందర్భాలు ఉంటాయి.

మన రాష్ట్రాల్లో గ్రామస్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్య్రరేఖకి దిగువన ఉన్నవాళ్లకి ఫీజే లేదు. జవాబుకి 30 రోజులు, రాకపోతే మొదటి అప్పీలుకి 30 రోజులు, ఆ తర్వాత సమాచార కమిషన్‌కి 90 రోజులు. దరఖాస్తులు వేర్వేరు మనుషుల పేర్లతో వేయండి. ఒక్కడి పేరే కనిపిస్తే ఒత్తిడంతా అతని మీద పడుతుంది.

ప్రజాభిప్రాయ సేకరణ రోజు

పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు జనం మాట వినడానికి పెట్టే సభ ఇది. మీ గొంతు చట్టబద్ధంగా రికార్డయ్యే రోజు. అందుకే సభని అడ్డుకుని రద్దు చేయించడం గొప్ప విజయమని నేను అనుకోను. తప్పుడు నోటీసు, అందని నివేదిక లాంటి గట్టి కారణం ఉంటే వాయిదా అడగండి. లేకపోతే సిద్ధమై వెళ్లి మాట్లాడండి.

నోటీసు కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ దినపత్రికలో, ఒక స్థానిక భాషా దినపత్రికలో రావాలి. ముసాయిదా ఈఐఏ కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, సంబంధిత స్థానిక సంస్థ ఆఫీసులో అందుబాటులో ఉండాలి. సారాంశం తెలుగులో ఉండాలి. ఈ ఆఫీసుల్లో ఎక్కడైనా నివేదిక లేదంటే, లేదని అదే రోజు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి ముద్ర వేయించుకోండి. తర్వాత కోర్టులో ఇది చాలా విలువైనది.

నివేదిక చదివేటప్పుడు ముందు పది కిలోమీటర్ల పరిధి మ్యాపు తీయండి. మీ చెరువులు, బడులు, అడవి అందులో ఉన్నాయా? నీటి అధ్యాయంలో రోజుకి ఎన్ని కిలోలీటర్లు, ఎక్కడి నుంచి? గాలి డేటా ఏ నెలల్లో తీశారు? ఇంకో నివేదిక నుంచి కాపీ కొట్టిన గుర్తులు కూడా వెతకండి. వేరే జిల్లా పేరు, మన ప్రాంతంలో లేని చెట్ల జాబితా దొరికితే ఆ పేజీ నంబరు రాసుకోండి.

మాట్లాడేవాళ్లకి విషయాలు పంచండి. ఒకరు నీళ్లు, ఒకరు పంట, ఒకరు పశువులు, ఒకరు ఆరోగ్యం, ఒకరు దారి. అందరూ లేచి "మాకొద్దు" అంటే మినిట్స్‌లో ఒక్క వాక్యమే పడుతుంది. ఇలా చెప్పొచ్చు: "నివేదిక ఫలానా పేజీలో ప్రాజెక్టు స్థలం నుంచి రెండు కిలోమీటర్ల లోపల చెరువు లేదని రాశారు. మా పెద్దచెరువు మత్తడి అక్కడికి నాలుగు వందల మీటర్లు. ఇదిగో గ్రామ నక్ష, ఇదిగో ఫోటో. దీన్ని రికార్డు చేసి, తుది నివేదికలో జవాబు ఇప్పించండి." చెప్పినదంతా రాతలో కూడా ఇచ్చి రశీదు తీసుకోండి.

సభకి కలెక్టర్ గానీ, జాయింట్ కలెక్టర్ లేదా అడిషనల్ కలెక్టర్ స్థాయి అధికారి గానీ అధ్యక్షత వహించాలి. వీడియో తీయాలి. హాజరుకి కోరం లేదు, ఓటింగ్ లేదు. చివర్లో మినిట్స్‌ని తెలుగులో చదివి వినిపించాలి. అక్కడే ఉండండి. అలిసిపోయి జనం లేచి వెళ్లిపోయాక చదివేస్తే తప్పులు అలాగే ఉండిపోతాయి. మినిట్స్‌లో తేడా ఉంటే మీ అభ్యంతరాన్ని నేరుగా అనుమతి ఇచ్చే అథారిటీకి పంపొచ్చు.

అన్నిటికీ ఈ సభ ఉండదు. బీ వర్గంలోనే ఈఐఏ నివేదిక అక్కర్లేని బీ2 ప్రాజెక్టులకి, టౌన్‌షిప్‌లు, భారీ నిర్మాణాలకి మినహాయింపు ఉంది. 2021లో ఇంధన ఇథనాల్ ప్లాంట్లను కూడా బీ2 వైపు మార్చడంతో చాలా ఊళ్లకి నోరు విప్పే వేదికే లేకుండా పోయింది. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ పరిశ్రమ మీద జనం 2024 నవంబర్‌లో హైవే మీదికి వస్తే గానీ ప్రభుత్వం పనులు ఆపించలేదు. ఇలాంటి చోట పరివేష్‌లో అనుమతుల్ని పరిశీలించే నిపుణుల కమిటీ అజెండాలో ప్రాజెక్టు పేరు కనిపించిన రోజే, మీ నివేదికని కమిటీ సభ్య కార్యదర్శికి ఈమెయిల్‌లో, పోస్టులో పంపాలి.

భూమి తీసుకుంటామని నోటిఫికేషన్ వస్తే

2013 భూసేకరణ చట్టం ప్రైవేటు కంపెనీకైతే ప్రభావిత కుటుంబాల్లో 80 శాతం, ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యానికైతే 70 శాతం సమ్మతి కావాలంటుంది. సాగునీరున్న బహుళ పంటల భూమిని చివరి మార్గంగా తప్ప తీసుకోకూడదంటుంది. అయితే తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2018లో చేసిన సవరణలు పారిశ్రామిక కారిడార్ల లాంటి కొన్ని ప్రాజెక్టులకి సామాజిక ప్రభావ అంచనా, ఆహార భద్రత అధ్యాయాల నుంచి మినహాయింపు ఇచ్చే వీలు కల్పించాయి. మీ నోటిఫికేషన్‌లో ఆ మినహాయింపు వాడారో లేదో లాయర్‌తో చూపించుకోండి.

సెక్షన్ 11 ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చాక 60 రోజుల్లో సెక్షన్ 15 కింద అభ్యంతరం వేయాలి. పట్టాదారులే వేయాలని లేదు. ఆ భూమి మీద బతుకుతున్న కౌలుదారు, కూలీ కూడా ఆసక్తి ఉన్న వ్యక్తే. ఒక్కొక్కరు విడివిడిగా వేయండి, ప్రతి ఒక్కరి వాదనా విడిగా వినాల్సి వస్తుంది. ఖాళీ సమ్మతి పత్రం మీద, "సర్వే కోసమే" అని చెప్పిన కాగితం మీద సంతకం పెట్టొద్దని ఇంటింటికీ చెప్పండి.

బయటి ప్రపంచానికి చెప్పడం, పోలీసులతో మెలగడం

స్థానిక విలేకరికి వార్త ఇచ్చేటప్పుడు డాక్యుమెంటు కాపీ ఇవ్వండి. వాట్సాప్‌లో పుకార్లు తిప్పకండి. "క్యాన్సర్ వస్తుంది, అందరూ చస్తారు" అన్న ఒక్క అబద్ధపు మెసేజ్ మీ నివేదిక మొత్తాన్ని అనుమానంలో పడేస్తుంది. కాగితంలో ఉన్నదే చెప్పండి, పరువు నష్టం కేసుకి కూడా అవకాశం ఉండదు.

సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌కి అర్జీ ఇచ్చి నంబరు తీసుకోండి. ఎమ్మెల్యే, ఎంపీ దగ్గరికి పార్టీ చూడకుండా వెళ్లండి. శాసనసభలో ఒక ప్రశ్న పడితే శాఖ రాతపూర్వకంగా జవాబు చెప్పాల్సి వస్తుంది.

సభకి, ర్యాలీకి పోలీసులకి ముందే దరఖాస్తు ఇవ్వండి. బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 163, అంటే పాత 144, అమల్లో ఉందేమో కనుక్కోండి. అధికారుల మీద చేయి వేయడం, వాహనాలు తగలబెట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ జరగకూడదు. అలా జరిగిన రోజు నుంచి భూమి సంగతి పక్కకి పోయి బెయిళ్ల సంగతి ముందుకొస్తుంది. ఊళ్లో మగపిల్లలు పొలాల్లో దాక్కోవాల్సి వస్తుంది. ప్రతి కార్యక్రమాన్నీ మీరే వీడియో తీయండి. లాయర్ నంబర్ అందరి ఫోన్లలో ఉండాలి. మహిళలకి, ఎస్సీ, ఎస్టీలకి, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది. 15100కి ఫోన్ చేయండి.

ట్రిబ్యునల్ గడువులు

పర్యావరణ అనుమతి ఇచ్చిన తర్వాత జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో దాన్ని సవాలు చేసే అప్పీలుకి 30 రోజులే గడువు. సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు. ఆ తర్వాత ట్రిబ్యునల్ తీసుకోలేదు. చెరువు కబ్జా, అనుమతి లేని తవ్వకం లాంటి వివాదాలకి ఆరు నెలలు, పైన 60 రోజులు. నష్టపరిహారం, పునరుద్ధరణ కోరడానికి అయిదేళ్లు. రెండు తెలుగు రాష్ట్రాల కేసులు చెన్నైలోని దక్షిణ బెంచ్ చూస్తుంది. ఆన్‌లైన్‌లో దాఖలు చేయొచ్చు, వీడియోలో వినిపించొచ్చు.

అనుమతి ఎప్పుడొచ్చిందో తెలియక గడువు దాటించుకున్న ఊళ్లు ఉన్నాయి. అందుకే కమిటీలో ఒకరికి వారానికి ఒకసారి పరివేష్ చూసే బాధ్యత ఇచ్చి, చూసిన తేదీ నోట్‌బుక్‌లో రాయించండి. భూసేకరణ, అసైన్డ్ భూమి, లేఅవుట్ అనుమతుల్లాంటి వాటికి హైకోర్టుకి వెళ్లాలి. రెండు చోట్లా పర్యావరణ కేసులు చేసిన అనుభవమున్న లాయర్‌ని వెతకండి. మీ రికార్డులు, రశీదులు, ఫోటోలు తేదీల వారీగా ఒక ఫైలులో ఉంటే లాయర్‌కి సగం పని తగ్గుతుంది, మీకు ఫీజూ తగ్గుతుంది.

ఆగిపోయిన తర్వాత

ప్రాజెక్టు ఆగిందన్న వార్త రాగానే టెంట్లు పీకేసి కమిటీ ఇంటికి వెళ్లిపోతుంది. ఆ సమయంలోనే జాగ్రత్త కావాలి. సోంపేటలో పర్యావరణ అనుమతి రద్దయినా, భూమి కేటాయించిన జీవో అలాగే ఉండిపోవడంతో దాన్ని రద్దు చేయించడానికి జనం ఏళ్ల తరబడి రిలే దీక్షలు చేయాల్సి వచ్చింది. కాబట్టి అనుమతి, భూకేటాయింపు, సీఎఫ్‌ఈ, క్వారీ లీజు, మాస్టర్ ప్లాన్ జోన్, ఒక్కొక్కటీ రాతపూర్వకంగా రద్దయిందో లేదో చూసుకోండి. "తాత్కాలికంగా నిలిపివేత" అని ఉంటే అది రద్దు కిందకి రాదు.

కాపాడుకున్న పోరంబోకు, శిఖం నంబర్లని 22-ఏ జాబితాలో చేర్పించండి. ఎఫ్‌టీఎల్ సర్వే చేయించి హద్దురాళ్లు పాతించండి. ఆ స్థలాన్ని ఖాళీగా వదలకండి. ఉపాధి హామీలో పూడిక తీయించండి, కట్ట మీద చెట్లు పెట్టించండి, మేత బీడుగా తీర్మానం చేయించండి. ఒకవేళ ప్రాజెక్టు ఆగకుండా వచ్చేసినా పని అయిపోలేదు. అనుమతి షరతులు ఎలా పాటిస్తున్నారో కంపెనీ ఆరు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి, అది పరివేష్‌లో దొరుకుతుంది. దాన్ని మీ బోరు నీళ్ల పరీక్షతో పోల్చి చూసి, తేడా ఉన్న ప్రతిసారీ కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి రాయండి, రశీదు తీసుకోండి.